జిగురు ఇంకా ఆరలేదు

సెప్టెంబరు 1, సోమవారం

వచ్చింది! వచ్చేసింది! మా అమ్మాయికి మాట వచ్చింది!

అక్షరాలు వంకరపోతున్నాయి, పోనీ. ఈ రిజిస్టరు గీతలు తప్పుపడ్డాయని బడివాళ్ళు తిప్పి పంపినది. ఏడాదిగా మూలన పడి ఉంది. ఇవాళ దీనికీ మంచిరోజొచ్చింది.

పొద్దున ఏడున్నర. వరండాలో కూర్చుని బైండింగు దారానికి మైనం రుద్దుతున్నాను. లోపల్నుంచి, "నాన్నా, పాలు పొంగుతున్నాయ్" అని వినిపించింది. నేను "ఆఁ, చూస్తాలే" అన్నాను. అలవాటుగా అనేశాను! దారం ఇంకో మూర రుద్దాక గానీ నా బుర్రకెక్కలేదు. ఐదు నెలలుగా చీటీల మీద రాసి చూపించే పిల్ల, నన్ను నోటితో పిలిచింది!

పరిగెత్తాను. పొయ్యి దగ్గర నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నేనూ నిలబడ్డాను. పాలన్నీ పొయ్యి మీదికి. మా ఆవిడ పెరట్లోంచి నీళ్ళ బక్కెట్టుతో వచ్చి, "ఇద్దరు మనుషులు గుడ్లప్పగించి నిలబడి పాలు పొంగిస్తున్నారా? కట్టెయ్యడానికి చేతులు లేవూ?" అంది. "నేను చెప్పానమ్మా, నాన్నే వినలేదు" అంది అమ్మాయి. బొంగురుగా, గీసుకుపోయినట్టుంది గానీ, మాటే! మా ఆవిడ బక్కెట్టు అక్కడే వదిలేసింది. వంటిల్లంతా పాలూ నీళ్ళూ. ముగ్గురం అందులోనే కూలబడి ఏడ్చాం.

దేవా, నీకు వందనాలు. పెద్దయ్యగారి బైబిలూ, నీకూ వందనాలు.

సెప్టెంబరు 2

నిన్న సంతోషంలో అసలు సంగతి రాయలేదు.

మా చర్చిలో నలభై ఏళ్ళు పనిచేసి పోయిన పెద్దయ్యగారు చదివిన బైబిలు అది. వీపు ఊడిపోయిందని, కొత్త బైండు వెయ్యమని ఇప్పుడొచ్చిన కొత్త పాస్టరుగారు నాకిచ్చారు. అంత పుస్తకం మీద ముందే కత్తి పెట్టకూడదని మా గురువు నేర్పిన పద్ధతి. అదే కొలతలో, అదే లావులో తెల్ల కాగితాలతో ఒక నమూనా కట్టి, తోలు దానికి తొడిగి చూసుకోవాలి. అలాగే చేశాను. రెంటికీ ఒకే నల్లతోలు, రెంటికీ అంచులకి ఎర్ర రంగు. ఇంకా పైన బంగారు అక్షరాలు అద్దలేదు. నమూనాని ప్రెస్సులో బిగించి వదిలేశాను. అసలుదాన్ని తెల్లగుడ్డలో చుట్టి, దారం కట్టి, బీరువా పైన పెట్టాను.

శుక్రవారం పొద్దున నాకే తోచింది. గుడ్డ మూటతో సహా దించి అమ్మాయి తలగడ కింద పెట్టాను. "విప్పకమ్మా, జిగురు పచ్చిగా ఉంది, వీపు విరుగుతుంది" అని చెప్పాను. తలూపింది. శుక్ర, శని, ఆది. సోమవారం పాలు పొంగాయి!

మా ఆవిడ మాత్రం, "డాక్టరు చెప్పలేదా? గొంతులో గడ్డ తీసినప్పుడు నరం నిద్రపోయింది, ఐదారు నెలల్లో లేస్తుందని? రోజూ మూడు పూటలా గ్లాసులో స్ట్రా పెట్టి బుడబుడమని ఊదుతూనే ఉందిగా పిల్ల" అంది.

ఆవిడ ఎప్పుడూ ఇంతే. ఆ బుడబుడలు ఐదు నెలలుగా వింటున్నా. ఒక్క మాటన్నా రాలిందా? పుస్తకం పెట్టిన మూడో రోజుకి వచ్చింది. ఇంతకంటే ఏం చెప్పాలి?

సెప్టెంబరు 7, ఆదివారం

చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాను. అమ్మాయి నా చొక్కా పట్టుకుని, "నాన్నా, చాలు, కూర్చో" అంటూనే ఉంది. ఆ "చాలు" కూడా అందరికీ వినిపించింది, అదే సాక్ష్యం! జనం చప్పట్లు కొట్టారు. రొట్టెలన్న అందరికంటే గట్టిగా కొట్టాడు. బేకరీ నడిపే అన్న. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, చిన్నప్పటి నుంచీ నన్ను ఒరేయ్ అనే హక్కు ఆయనొక్కడికే ఉంది.

పుస్తకం సంగతి మాత్రం చెప్పలేదు. బైబిలు బాగుచెయ్యమని ఇస్తే తలగడ కింద పెట్టానని పాస్టరుగారి ముందు ఎలా చెప్పను? బయట మెట్ల మీద ఒకరిద్దరికి చెప్పాను. ఒకరిద్దరికే.

పాస్టరుగారు ఇవాళ్టి నుంచి నాలుగు వారాలు విగ్రహారాధన గురించి చెబుతారట. ఏ బొమ్మనీ చెక్కుకుని దానికి మొక్కొద్దన్న ఆజ్ఞ చదివారు. మంచి సంగతే, కానీ మాకెందుకు? మా ఇంట్లో గోడకి క్యాలెండరు తప్ప ఏమీ లేదు. అవసరమైనవాళ్ళకి చెప్పాలి గానీ. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ ఆయన, "దేన్ని కింద పెట్టమంటే మీకు కోపం వస్తుందో, ముందు దాన్ని చూసుకోండి" అన్నారు. ముందు వరసలోని సంఘపెద్ద వైపు చూశాను. ఆయనకే అనుకుంటా.

సెప్టెంబరు 9

వీధి చివర టైలరమ్మ వచ్చింది. తలనొప్పి, సూదిలో దారం కూడా ఎక్కించలేకపోతోందట. "అన్నా, ఆ పుస్తకం ఒక్కరోజు" అంది. ఎలా కాదంటాను? విప్పొద్దని చెప్పి ఇచ్చాను.

సెప్టెంబరు 10

తలనొప్పి తగ్గిందట! నేను ఎగిరి గంతెయ్యడం ఒక్కటే తక్కువ. అమ్మాయి, "పిన్ని కొత్త కళ్ళజోడు పెట్టుకుంది నాన్నా, చూడలేదా?" అంది. చూశాను. కళ్ళజోడు కూడా దేవుడిచ్చిందే కదా.

ఒకటే నచ్చలేదు. ముడి నేను వేసింది కాదు. బైండరు ముడి వేరే ఉంటుంది. టైలరమ్మకి గుడ్డ కనిపిస్తే చెయ్యి ఊరుకోదు కాబోలు. ఏమైనా అంటే నొచ్చుకుంటుందని ఊరుకున్నాను. ఆమె కూడా ఏదో అనబోయి, నా మొహం చూసి ఊరుకుంది.

సెప్టెంబరు 14, ఆదివారం

ఇవాళ పాస్టరుగారు చెప్పింది బంగారు దూడ సంగతి. కొండెక్కిన మనిషి ఎంతకీ దిగిరాకపోతే కింద జనానికి ఓపిక పోయి, చెవిపోగులన్నీ ఇచ్చి దూడని పోతపోయించుకున్నారు. ఆ మనిషి దిగొచ్చి ఇదేమిటని అడిగితే, దూడని పోసిన అతని సొంత అన్న ఏమన్నాడంటే, బంగారం నిప్పులో వేశాను, ఈ దూడ బయటికొచ్చింది అన్నాడట! దానంతటదే! నేను పైకే నవ్వాను. మా ఆవిడ మోచేత్తో పొడిచింది.

ప్రార్థనయ్యాక పాస్టరుగారు, "అయ్యా, మన బైబిలు అయిందా?" అని అడిగారు.

"జిగురు ఇంకా ఆరలేదండీ" అన్నాను.

దానంతటదే నోట్లోంచి వచ్చింది.

సెప్టెంబరు 15

అమ్మాయి బస్టాండుకి వెళ్ళి కలిసింది. అక్కడ మైకులో బస్సులు వచ్చేదీ పోయేదీ చెప్పేది ఇదే. ఐదు నెలలుగా దీని బదులు టేపు వేస్తున్నారు. వచ్చే నెల నుంచి రమ్మన్నారు! నా పిల్ల గొంతు మళ్ళీ ఊరంతా వింటుంది!

సెప్టెంబరు 18

రొట్టెలన్న వచ్చాడు. కుంటుతున్నాడు. షుగరుకి కుడికాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. ఆసుపత్రిలో రెండు వేళ్ళూ తీసెయ్యాలన్నారట. బుధవారం రమ్మన్నారట.

"ఒరేయ్ బైండరూ, నాకివ్వరా ఆ పుస్తకం."

"నీకు కాకపోతే ఎవరికిస్తానన్నా!"

"ఎక్కడ పెట్టుకోవాలి? తలకిందా, కాలికిందా?"

నాకు తోచలేదు. దేవుడి వాక్యం కాలి కింద పెట్టమని ఎలా చెప్పను? "ఒళ్ళో పెట్టుకో" అన్నాను. వెళ్తూ వెళ్తూ వేడి రొట్టె ఒకటి నా చేతిలో పెట్టాడు. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. నా చేతుల మీదుగా అన్న బాగుపడితే అంతకంటే ఇంకేం కావాలి నాకు?

సెప్టెంబరు 21, ఆదివారం

ఇవాళ్టి మాట నాకు అస్సలు నచ్చలేదు. అర్థం కూడా కాలేదు. అర్థమైందనుకుంటా. రాస్తే తెలుస్తుందేమో.

అడవిలో జనాన్ని పాములు కరుస్తుంటే ఇత్తడితో పాముని చేసి కర్రకి తగిలించమని దేవుడే చెప్పాడు. చూసినవాడల్లా బతికాడు. ఇంతవరకూ బాగుంది. వందల ఏళ్ళు పోయాక ఒక రాజొచ్చి దాన్ని ముక్కలుముక్కలు చేశాడట. ఎందుకంటే జనం దానికి ధూపం వేస్తున్నారట.

ఇదేం న్యాయం? దేవుడు చెయ్యమన్న వస్తువే కదా! పనిచేసిందే కదా! దొంగ వస్తువైతే పగలగొట్టు. మేలుచేసినదాన్ని పగలగొడతారా?

నా మనసులో మాట విన్నట్టు పాస్టరుగారు, "పనిచేసింది కాబట్టే దాన్ని వదల్లేకపోయారు" అన్నారు. అని, నా వైపు చూసినట్టనిపించింది. అందరి వైపూ చూశారేమో.

"బైబిలు..." అన్నారు మెట్ల దగ్గర.

"జిగురండీ" అన్నాను.

ఇంటి దాకా మా ఆవిడ నాకు పది అడుగులు ముందే నడిచింది. గుమ్మంలో చెప్పులు విడుస్తూ, "నీ జిగురు ఏం జిగురయ్యా, మూడు వారాలు ఆరదు?" అంది.

సెప్టెంబరు 24, బుధవారం

అన్న ఆసుపత్రికి వెళ్ళలేదట! వదిన వచ్చి మా ఆవిడతో చెప్పుకుని ఏడ్చింది. "ఎప్పుడు వెళ్దామన్నా 'ఇంకా కాదు, ఇంకా కాదు' అంటాడు. పుస్తకం ఒళ్ళోంచి దించడు. నన్ను ముట్టుకోనివ్వడు. ఏం చెప్పమంటావు?"

విశ్వాసం! ఎంత విశ్వాసం మా అన్నకి! అలా అన్నాను పైకి. వదిన నా వైపు చూసిన చూపు బాగాలేదు.

నాకు సంతోషంగానే ఉంది. అవును, సంతోషంగానే ఉంది. అన్నం మాత్రం సగం వదిలేశాను.

సెప్టెంబరు 26

బడి రిజిస్టర్లు బిగించాలని ప్రెస్సు ఖాళీ చేశాను. నెలరోజులుగా అందులో ఉన్న నమూనాని బయటికి తీశాను. అంచులు సరిగా పట్టాయో లేదోనని తెరిచాను.

ఆదిలో దేవుడు భూమినీ ఆకాశాన్నీ చేసిన పుట. పక్కన పెద్దయ్యగారి చేతిరాత. నీలిసిరా.

సెప్టెంబరు 27

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

నాకు కంట్లో పొర ఉంది. రెండూ ఒకే రంగు, ఒకే బరువు. గుడ్డలో చుట్టిన రోజు మా ఆవిడ మధ్యలో టీకి పిలిచింది. లేచి వెళ్ళొచ్చాను. తిరిగొచ్చి బల్ల మీదున్నదాన్ని చుట్టాను. ఏది చుట్టానో చూసుకోలేదు. యాభై ఏళ్ళుగా పుస్తకాలు కడుతున్న చేతులివి!

అయితే అమ్మాయి తలగడ కింద ఉన్నది తెల్లకాగితాలా?

సరే. అయితే ఏం? దేవుడికి తెలియదా నా మనసులో ఏముందో? బైబిలే అనుకుని పెట్టాను, బైబిలే అనుకుని ఆయన పనిచేశాడు. ఖాళీ పుస్తకంతో కూడా చెయ్యగలడని చూపించాడు. అదీ ఇంకా పెద్ద అద్భుతం! అవును, ఇదే సరైన మాట.

మరి తెల్లకాగితాలతోనే చెయ్యగలిగితే, కాగితాలు లేకుండా చెయ్యలేడా?

మరి ఆ బుడబుడలు?

అన్నకి చెప్పాలి. చెబితే విశ్వాసం పోతుంది. చెప్పకపోతే కాలు పోతుంది. అమ్మాయి మాట వచ్చిన సంతోషం కూడా పోతుందేమో, అదే నాకు అన్నిటికంటే ఎక్కువ భయం. ఇది రాసినందుకు సిగ్గుగా ఉంది, కానీ ఇది నా కోసం రాసుకునేది, అబద్ధం రాసి ఎవర్ని మోసం చెయ్యాలి?

రేపు చెబుతాను.

సెప్టెంబరు 28, ఆదివారం

చెప్పలేదు.

సెప్టెంబరు 29

చెప్పలేదు. బేకరీ ముందు వరకూ వెళ్ళి, రొట్టె కొనుక్కుని వచ్చాను. ఇంట్లో అప్పటికే రెండున్నాయి.

సెప్టెంబరు 30

మధ్యాహ్నం అమ్మాయి వచ్చి నా బల్ల ఎదురుగా కూర్చుంది. నా ముందు పెద్దయ్యగారి బైబిలు తెరిచి ఉంది. దాచడానికి వీల్లేకపోయింది.

"ఇది ఇక్కడుంటే పెదనాన్న దగ్గర ఉన్నదేంటి నాన్నా?"

చెప్పాను. అంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"అయితే నీకు మాట ఎలా వచ్చిందమ్మా?" అని అడిగాను.

"నాకేం తెలుసు నాన్నా? ఊదమన్నారు, ఊదాను. ప్రార్థన చేశాను. ఏడ్చాను. అమ్మ తిట్టింది. నువ్వు మూడు రోజులు పని మానుకుని నా మంచం పక్కనే కూర్చున్నావు. ఇందులో దేనివల్ల వచ్చిందో నేనెలా చెప్పను? దేవుడిచ్చాడనే అనుకుంటున్నా. ఆయనకి థాంక్స్ చెప్పుకో. మూటకెందుకు చెబుతావు?"

"మూట చేతిలో ఉంటే చెబుతున్నట్టు ఉంటుందమ్మా. అది లేకపోతే ఎటు తిరిగి చెప్పాలో తెలియడం లేదు."

ఈ మాట అనేదాకా నాక్కూడా తెలియదు, నా లోపల ఈ మాట ఉందని.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళకి ఎర్రరంగు ఇంకా పోలేదు. "పెదనాన్న కాలు నాన్నా" అంది.

అంతే అంది. కోప్పడి ఉంటే బాగుండేది.

అక్టోబరు 1, బుధవారం

వెళ్ళాను. వరసగా రాస్తాను, ఒక్క ముక్క వదలకుండా.

బేకరీ వెనక గది. అన్న పిండి బల్ల పక్కన కుర్చీలో, కాలు స్టూలు మీద పెట్టుకుని, ఒక చేత్తో పిండి ముద్దలు చేస్తున్నాడు. ఒళ్ళో పుస్తకం. రొట్టె వాసనలో ఇంకో వాసన కలిసింది. వదిన కిటికీలన్నీ తెరిచింది.

"రారా బైండరూ. పుస్తకం కోసమైతే వెళ్ళిపో. ఇంకో వారం."

"అన్నా, అది బైబిలు కాదు."

పిండి ముద్ద చెయ్యడం ఆపాడు.

"నమూనా అది. తెల్లకాగితాలు. పొరపాటు నాది. అసలుది నా దగ్గరే ఉంది. అందులో ఒక్క అక్షరం కూడా లేదన్నా."

అన్న పిండి చెయ్యి పుస్తకం మీద పెట్టాడు. తర్వాత చిన్నగా అడిగాడు.

"అంటే, నీకూ కనిపించలేదా?"

నాకు అర్థం కాలేదు. "ఏం కనిపించాలి? ఏమీ లేదంటున్నాగా!"

అప్పుడు చెప్పాడు. తెచ్చుకున్న రోజే విప్పాడట. విప్పొద్దని నేనన్నా, ఒక్క మాటన్నా చదువుకుందామని విప్పాడట. తెల్లగా ఉంది. కళ్ళజోడు మార్చి చూశాడు. కిటికీ దగ్గర వెలుగులో పట్టి చూశాడు. ఒక్కొక్క పుట తిప్పాడు.

"మీ పిల్లకి పనిచేసిన పుస్తకం. నాకు మాత్రం తెల్లగా కనిపిస్తోంది. ఇంకేమనుకోవాలిరా? నా పాపాలకి దేవుడు అక్షరాలు దాచేశాడనుకున్నా. తమ్ముడితో మాట మానేసి పదకొండేళ్ళు. అందుకే అనుకున్నా. సోమవారం వాడికి ఫోన్ చేశా. ఏడ్చాడు వాడు. ఫోన్ పెట్టేసి వెంటనే పుస్తకం తెరిచి చూశా, ఒక్క అక్షరమన్నా వచ్చిందేమోనని."

"ఆసుపత్రికి ఎందుకు వెళ్ళలేదన్నా?"

"దేవుడు నాతో మాట్లాడడం మానేశాడని తెలిశాక ఆ మత్తుమందు ఎక్కించుకుని ఎలా పడుకుంటానురా? మళ్ళీ లేవకపోతే? ముందు ఒక్క అక్షరం కనిపించాలనుకున్నా."

నేను విశ్వాసం అనుకున్నది అది. పదమూడు రోజులు, ఒక మనిషి దేవుడు తనని వదిలేశాడనుకుని ఆ కుర్చీలో కూర్చున్నాడు. అందులో ఐదు రోజులు నాకు తెలిసి కూర్చున్నాడు.

ఐదు రోజులన్నది కూడా చెప్పాను. చెప్పకుండా ఉండొచ్చు. చెప్పాను.

అన్న మొహం ఎర్రబడింది. చేతికందిన పిండి ముద్ద తీసి నా మీదికి విసిరాడు. ఛాతీకి తగిలి అతుక్కుంది. ఇంకోటి విసిరాడు. "నా కాలు కుళ్ళబెట్టావు కదరా! తెల్లకాగితాలిచ్చి! దొంగ వెధవా!" మూడోది విసరబోయి ఆగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. రెండూనేమో.

"తెల్లకాగితాలే కదూ? అందరికీ తెల్లగానే ఉంటాయి కదూ?"

"అందరికీ అన్నా."

"నాకొక్కడికే కాదు కదూ?"

"కాదన్నా."

"ఒసేయ్," అని వదినని కేకేశాడు, "చెప్పులు తీసుకురావే. ఆసుపత్రికి పోదాం."

వదిన బండి పిలవడానికి వీధిలోకి పరిగెత్తింది. నా చొక్కాకి పిండి ముద్దలు అలాగే వేలాడుతున్నాయి. తుడుచుకోవాలనిపించలేదు.

అక్టోబరు 3

రెండు వేళ్ళతో పోలేదు. పాదం సగం తీసేశారు. గత బుధవారం వచ్చి ఉంటే వేళ్ళతోనే పోయేదేమో, చెప్పలేం అన్నాడు డాక్టరు. చెప్పలేం అన్నది నా మొహం చూసి అన్నాడా, నిజంగానే అన్నాడా?

అక్టోబరు 5, ఆదివారం

బైబిలు తీసుకెళ్ళి పాస్టరుగారి బల్ల మీద పెట్టాను. "ఆరిందన్నమాట!" అన్నారు నవ్వుతూ. ఆయన గదిలో నిలబడే అంతా చెప్పాను. కళ్ళజోడు తీసి తుడిచారు, తుడిచారు, తుడుస్తూనే ఉన్నారు.

"ఈ బైబిలు బల్ల మీద లేకపోతే నా మాట ఎవరూ వినరని ప్రతి ఆదివారం భయపడుతూ నిలబడ్డానండీ" అన్నారు చివరికి. "వేదిక ఎక్కినప్పుడల్లా ముందు దాని జాగా వైపే చూసేవాణ్ణి. మీకు చెబుతున్నాను గానీ, నాలుగు వారాలూ నాకు నేనే చెప్పుకున్నాను."

తర్వాత అందరి ముందూ లేచి చెప్పాను. ఈసారి చప్పట్లు లేవు. బయట టైలరమ్మ నా దగ్గరికొచ్చి, "నేనూ విప్పానన్నా. తెల్లగా ఉంది. నాకే అలా కనిపించిందని ఎవరికీ చెప్పలేదు" అంది. ఆ ముడి!

అక్టోబరు 12, ఆదివారం

అన్నని చూసొచ్చాను. మంచం మీద కూర్చుని నర్సమ్మకి రొట్టె ఎలా పొంగాలో పాఠం చెబుతున్నాడు. పక్కన ఆయన తమ్ముడు, పళ్ళ తొక్క తీస్తూ. నన్ను చూడగానే, "అదిగో వచ్చాడు, తెల్లకాగితాల ప్రవక్త!" అన్నాడు. తమ్ముడు నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వుతూ దుప్పటి కింద ఆ కాలు వైపు చూశాను. అన్న అది చూసి, దుప్పటి సర్దుకున్నాడు. "పుస్తకం తీసుకుపోరా" అన్నాడు.

దారిలో బస్టాండులో ఆగాను. అమ్మాయి మొదటి వారం పని. ఎక్కే బస్సేమీ లేదు, అలా నిలబడ్డాను. మైకులో దాని గొంతు వచ్చింది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికో చెబుతోంది. నా చుట్టూ జనం మూటలెత్తుకుని పరిగెత్తుతున్నారు, ఒక్కడూ ఆ గొంతుకోసం ఆగలేదు. నేను సంతోషం పట్టలేకపోతున్నాను. ఎటు తిరిగి చెప్పాలో తెలియక, నిలబడ్డచోటే, చంకలో పుస్తకంతోనే, థాంక్స్ ప్రభువా అన్నాను. చాలా చప్పగా ఉంది. చేతిలో ఏమీ లేకుండా అన్నట్టే ఉంది. విన్నాడో లేదో. వినే ఉంటాడు.

ఆ రాజులాగా దీన్ని ముక్కలు చెయ్యాలనుకున్నాను. ఇంటికొచ్చి కత్తి కూడా తీశాను. మా ఆవిడ చూసి, "మంచి కాగితమయ్యా అది, నీ చేతి కుట్టు. రోజూ ఆ చచ్చిన రిజిస్టరులో కెలుకుతుంటావు, ఇందులో రాసుకోరాదూ?" అంది. ఆవిడకి డైరీ సంగతి ఎప్పటినుంచి తెలుసో!

అందుకే ఇది ఆ పుస్తకంలోనే రాస్తున్నాను. గుడ్డ విప్పాను. కట్టినవాణ్ణి నేనే అయినా, తెరవడం ఇదే మొదటిసారి.

పుట మూలన ఒక బొటనవేలి గుర్తు ఉంది. పిండి. తుడిస్తే పోవడం లేదు, కాగితంలోకి ఇంకిపోయింది. తర్వాతి పుటకీ ఉంది. దాని తర్వాతదానికీ. తిప్పుతూ పోయాను. చివరి పుట దాకా ఉంది. ఒక్కటి కూడా వదల్లేదు అన్న.

ఆ గుర్తు మీద సిరా పడకుండా, దాని పక్కనుంచి రాస్తున్నాను.